రెండువందల పదిహేనో అంగీకారం

ఉత్తరం ఆమె భర్తకు వచ్చింది.

నీటి మీటర్లు పరీక్షించే కార్యాలయంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తూ తోటివారి నోట మీటరమ్మగా స్థిరపడిపోయిన ఆ మనిషి, ఆ ఉదయం వంటింటి గట్టు దగ్గర టీ వడపోస్తోంది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే భర్త, పరుల చూపు సరిచేసీ సరిచేసీ తన చూపు పాడుచేసుకున్నవాడు, ఫోనును ముక్కుకు ఆనించుకుని ఆ ఉత్తరాన్ని పైకి చదివాడు. మీరు మా కంపైలరుకు చేసిన సేవకు కృతజ్ఞతలు. దాని లైసెన్సును మార్చదలిచాము. మీరు రాసిన భాగంపై హక్కు మీది కనుక మీ లిఖిత అంగీకారం లేనిదే మార్చజాలము. 'హక్కు మీది' అన్నచోట గొంతు సవరించుకుని, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు.

అతను చేసిన సేవ ఏమిటో చెప్పుకోవాలి. తొమ్మిదేళ్ళ కిందట ఆ కంపైలరు వాడుక పుస్తకంలో, ఒక ఉదాహరణలో ఎనిమిది ఉండవలసిన చోట ఏడు పడింది. దాన్ని అతను దిద్దాడు. ఒకే ఒక అంకె. అంకె దిద్దినంత మాత్రాన రచనాధికారం పుడుతుందా అని చట్టం తెలిసినవారినడిగితే పుట్టదనే అంటారు. అయినా ఉత్తరం పంపినవారు ఎవరినీ వదలదలుచుకోలేదు. చెయ్యి తగిలిన ప్రతివాణ్ణీ అడిగి, ఔననిపించుకుని, రేపెవరూ వేలెత్తి చూపకుండా పని ముగించాలన్నది వారి పట్టుదల. అంత పట్టుదలగల ఆ మనిషి మరెవరో కాదు, మీటరమ్మ సొంత చెల్లెలు.

మీటరమ్మకు ఉత్తరం రాలేదు.

ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు, వారం గడిచినా రాలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, చెల్లెలు రెండువందల పద్నాలుగు మందిని నలుమూలలా వెతికించింది గానీ, ఒకే బల్ల మీది ఒకే కంప్యూటరు ముందు మూడేళ్ళు వంతులవారీగా కూర్చున్న అక్కను మాత్రం అడగలేదు. ఇందులో చిత్రమేమీ లేదు. కాగితం మీద అక్క లేనే లేదు.

పన్నెండేళ్ళ కిందట అక్కాచెల్లెళ్ళిద్దరూ రెండు గదుల అద్దె వాటాలో ఉండేవారు. చెల్లెలు ఇంకా చదువుతోంది. అక్క అప్పటికే ఉద్యోగంలో చేరి, కార్యాలయానికి కొత్తగా వచ్చిన పరీక్ష యంత్రాన్ని నడపడానికి ప్రోగ్రాములు రాయడం తనంతట తాను నేర్చుకుంది. కొత్త ప్రోగ్రామింగు భాష ఒకటి తయారుచేయాలన్న ఊహ చెల్లెలిది. అందులో వాదం లేదు. భాష అంటూ ఉంటే, మనిషి రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే సాధనం కావాలి. దాన్నే కంపైలరంటారు. మార్చడానికి ముందు అది రాసినవాడి తప్పులు పట్టుకోవాలి. ఎక్కడ తప్పాడో, ఎందుకు తప్పాడో వాడికి తెలిసేలా చెప్పాలి. ఆ తప్పులు పట్టే భాగం అక్క తీసుకుంది. అలా తీసుకున్ననాడు చెల్లెలు నవ్వి, నీకది పుట్టుకతో వచ్చిన విద్యే కదా అంది.

పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు రెండు గంటలు అక్క రాసేది. మధ్యాహ్నం చెల్లెలు రాసేది. కంప్యూటరు కొన్ననాడే దానిలో చెల్లెలి పేరు నమోదుచేశారు. ఆ కంప్యూటరునుంచి అందరూ చూసే చోటికి ఏ మార్పు పంపినా, కూర్చున్నది ఎవరైనా సరే, మార్పుల చరిత్రలో చెల్లెలి పేరే పడేది. మొదటి వారంలోనే అక్క దాన్ని గమనించింది. రెండు నిమిషాల్లో మార్చుకోగలిగిన సంగతి. మార్చలేదు. ఒకే ఇల్లు కదా, ఎవరి పేరైతే ఏముందిలే అంది. ఈ ఒక్క వాక్యం నమ్ముకుని తమ చేతిపనిని ఇతరుల పేర జమకట్టించిన ఆడవాళ్ళను ఒక వరుసలో నిలబెడితే ఆ వరుసకు చివర కనబడదు. మూడేళ్ళలో ఆమె రాసినవి నాలుగువేల పైచిలుకు పంక్తులు. తర్వాత పెళ్ళయింది, వేరింటి కాపురం మొదలయింది, రాయడం ఆగింది.

లైసెన్సు ఎంచినది కూడా ఆమే. అయిదు రకాలు ముందు పెట్టుకుని, ఒక ఆదివారమంతా చదివి, ఒకదాని మీద వేలుపెట్టింది. దాని సారమిది: దీన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కాని మార్చినదాన్ని మరొకరికి ఇచ్చేటప్పుడు లోపలి రాతను కూడా ఇవే షరతులతో ఇచ్చి తీరాలి. మూత బిగించి సీలు వేసిన మీటరును నమ్మలేక, విప్పి చూసే వీల్లేక, కార్యాలయం గుమ్మంలో నిలబడి వాదించేవాళ్ళను ఆమె రోజూ చూస్తుంది. తెరిచి చూడనివ్వనిదాన్ని నమ్మమనడం ఆమెకు గిట్టదు.

ఇప్పుడు చెల్లెలు తేదలచిన కొత్త లైసెన్సు ఆ షరతును ఎత్తివేస్తుంది. ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, లోపల ఏం మార్చారో ఎవరికీ చూపనక్కరలేదు, రాసినవారి పేరు చెరపకుండా ఉంచితే చాలు. మిగిలే షరతు అదొక్కటే: పేరు. ఆ పేరే తప్పు.

అంగీకారాల జాబితా ఒక పేజీలో అందరికీ కనబడేలా పెట్టారు. ఔనన్నవారి పక్కన పచ్చటి గుర్తు. మీటరమ్మకు ఆ పేజీ వ్యసనమైపోయింది. ప్రతి మీటరునూ మూడు ధారల మీద పరీక్షించాలి: సన్నధార, నడిమిధార, నిండుధార. సన్నధార మీద తొట్టి నిండడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఆమె ఫోనులో ఆ గుర్తులు లెక్కపెట్టేది. పక్కబల్ల దగ్గర సీళ్ళు వేసే పెద్దాయన రెండు రోజులు చూసి, పిల్లల పరీక్ష ఫలితాలా అమ్మా అని అడిగాడు. కాదండీ, పెద్దవాళ్ళవే అంది.

ఓర్వలేనితనానికి మనిషి కళ్ళలో నిప్పులు పోసుకుంటాడంటారు. ఆమె నిప్పులైతే పోసుకోలేదు గానీ, పచ్చటి గుర్తు పడినప్పుడల్లా ఆ పేరు గలవాడు ఏం రాశాడో వెతికి చూసేది. పదకొండేళ్ళ కిందట ఒక వ్యాఖ్య చేర్చి మళ్ళీ మొహం చూపని విద్యార్థి ఔనన్నాడు. తాను రాసిందేమిటో గుర్తులేదని ఒప్పుకుంటూనే ఓడలో పనిచేసే రేడియో మనిషి ఔనన్నాడు. ఒకాయన చనిపోయాడు, హక్కు వారసులకు సంక్రమిస్తుంది కనుక కొడుకును వెతికి పట్టుకుని, తండ్రి తరఫున సంతకం తీసుకున్నారు. ఆ రోజు మీటరమ్మ ఫోను బల్ల మీద బోర్లించింది. చచ్చినవాడికి వెళ్ళిన ఉత్తరం బతికున్న తనకు రాలేదు.

ఇంట్లో ఇంకొక పీడ. భర్త సంతకం పెట్టడంలేదు. అభ్యంతరముండి కాదు, అడిగించుకోవడంలో ఉన్న రుచి మరిగాడు. మరదలు రెండురోజులకొకసారి ఫోను చేసి బావగారూ బావగారూ అని బతిమాలుతోంది. ఆలోచించి చెప్తాను అమ్మాయ్, ఇది హక్కుల విషయం కదా, తొందరపడకూడదు అని అతను గంభీరంగా అనేవాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో అతని మాటకు అంత బరువు ఎన్నడూ రాలేదు. మీటరమ్మ అతని చొక్కా మడతలో తప్పు పట్టింది, గొళ్ళెం పెట్టే తీరులో తప్పు పట్టింది, చివరికి అతను నిశ్శబ్దంగా ఉండటంలోనూ తప్పు పట్టింది. మొగుడి మీద, అదీ ఒక్క అంకె మీద ఈర్ష్యపడుతున్నానని ఆమెకు తెలుసు. తెలియడం వల్ల ఈర్ష్య తగ్గదు. సిగ్గు కలుస్తుంది, అంతే.

నెల చివరి వారంలో ఆమె చెల్లెలి ఉపన్యాసం ఒకటి ఫోనులో చూసింది. పెద్ద హాలు, నిండా జనం. సభలోంచి ఒకతను లేచి, తప్పులు పట్టే భాగం అద్భుతమని పొగిడి, ఒక సందేహం అడిగాడు. ఆ భాగంలోని పరీక్షలకు సన్నధార, నడిమిధార, నిండుధార అని పేర్లున్నాయి, కంపైలరులో నీళ్ళేమిటని. చెల్లెలు నవ్వింది. అప్పట్లో మా ఇంట్లో నీళ్ళకు కటకటగా ఉండేది, ఎప్పుడూ కుళాయి ధ్యాసే అంది. సభ గొల్లుమంది.

మీటరమ్మ ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూసింది. ఆ ఇంట్లో నీళ్ళకు ఏనాడూ కరువు లేదు. ఆ మూడు ధారలూ తన బల్ల మీదివి. ఏ పనినైనా కొద్దిపాటి, మధ్యరకం, పూర్తి భారం మీద పరీక్షిస్తేగాని నమ్మకూడదన్నది తన వృత్తి నేర్పిన పద్ధతి. చెల్లెలు రాసిన భాగాల్లో ఒక్కొక్క పరీక్షే ఉంటుంది. తన పేరు కాగితం మీద లేకపోవడం పొరపాటు. ఈ మాట మాత్రం పొరపాటు కాదు.

ఆదివారం ఉదయం చెల్లెలు స్వయంగా వచ్చింది. బావ ఇక బెట్టుచేయలేక, అందించిన ఫోనులో సంతకం పెట్టి, మంచి పెన్నయితే బాగుండేదని విచారించాడు. రెండువందల పద్నాలుగూ పూర్తయ్యాయని చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. ఇక మిగిలింది తన ప్రకటన ఒక్కటేనట, సోమవారం అదీ పెట్టేస్తుందట.

"ఏమని ప్రకటన?" అని అడిగింది మీటరమ్మ.

"ఏముంది అక్కా, నా పేరు మీద ఉన్నదంతా నేనే రాశానని."

భర్త ఒకసారి భార్యను, ఒకసారి మరదలిని చూశాడు. పాలు తెస్తానని లేచాడు. పాలు ఇంట్లో నిండుగా ఉన్నాయి. అయినా వెళ్ళాడు.

"నేను రాసినవి నాలుగువేల చిల్లర లైన్లు," అంది మీటరమ్మ.

చెల్లెలు కప్పు పళ్ళెంలో పెట్టింది. "నువ్వేగా అన్నావు, ఎవరి పేరైతే ఏముందని."

"పేరు లేకపోతే పోనీ అన్నాను. రాసింది నీకిచ్చేశానని ఎప్పుడన్నాను?"

"తొమ్మిదేళ్ళు గుర్తురాలేదు కదా. ఇవాళ నలుగురూ నా మాట వింటున్నారనేసరికి గుర్తొచ్చిందా?"

"నాకు ఎప్పుడూ గుర్తే. నీళ్ళకు కటకట అన్నదానివి నువ్వు."

చెల్లెలి మొహం ఎర్రబడింది. ఆ వీడియో అక్క చూస్తుందని ఆమె అనుకోలేదు. "మర్చిపోలేదు," అంది. "నిన్ను అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు."

వద్దంటారని తెలిసి అడగకపోవడాన్ని మరపు అనరు. తనది కానిదాన్ని తనదని రాసి, దాన్ని లోకానికి ఉదారంగా పంచిపెట్టడానికి మన పెద్దలు ఏనాడో పేరుపెట్టారు: అత్తసొమ్ము అల్లుడు దానం. మీటరమ్మ ఆ సామెత నోటిదాకా తెచ్చుకుని మింగేసింది. చెల్లెలు అంతలోనే ఎదురుతిరిగింది.

"నీకు కుళ్ళు అక్కా. ఒప్పుకో."

"ఉంది. ఉంటే నేను రాసింది నీదైపోతుందా?"

ఈ జవాబుకు ఎదురుమాట ఏ న్యాయస్థానం దగ్గరా ఉండదు. హక్కుదారు మంచి మనసుతో అడిగితేనే హక్కు చెల్లుతుందని ఏ చట్టంలోనూ రాసిలేదు. అసూయపరుడి ఇల్లు కూడా అతని ఇల్లే.

తర్వాత చెల్లెలు చెప్పినది మీటరమ్మ ఊహించనిది. తన భాగాల మీద వారానికొక ఫిర్యాదు వచ్చేదట. తప్పులు పట్టే భాగం మీద ఇన్నేళ్ళలో ఒక్కటీ రాలేదట. ఎక్కడికి వెళ్ళినా మెచ్చుకునేది దాన్నేనట. "ప్రతిసారీ అక్క రాసిందని చెప్పాలనుకునేదాన్ని. చెప్తే ఇక నాకేం మిగులుతుంది చెప్పు. ఆ హాలులో కూడా అంతే."

మీటరమ్మకు జాలి కలగవలసిన క్షణమది. నిజం చెప్పాలంటే కలిగింది సంతోషం. ఇన్నాళ్ళూ తానొక్కతే కుళ్ళుతున్నానని అనుకుంది. రెండో వైపు కూడా సెగ తగులుతోందని తెలిసి ఎంత హాయిగా ఉందో, ఆ హాయికి అంత సిగ్గుపడింది.

"నాకూ ఉత్తరం పంపించు," అంది. "బావకి పంపినట్టే. అవే మాటలతో."

చెల్లెలు సోమవారం ప్రకటన మీద సంతకం పెట్టలేదు. బుధవారం ఆ పేజీలో ఒక సవరణ వెలువడింది. నా పేరున నమోదైన పంక్తుల్లో తప్పులు పట్టే భాగం మొత్తం మా అక్క రాసినది. ఒకే కంప్యూటరు వాడినందువల్ల చరిత్రలో నా పేరు పడింది. దీన్ని నేను ముందే చెప్పవలసింది, చెప్పలేదు. ఆ చివరి వాక్యం రాయడానికి ఆమెకు ఎంత బాధ కలిగిందో మీటరమ్మకు తెలుసు. అందుకే దాన్ని నాలుగుసార్లు చదువుకుంది. జాబితాలో రెండువందల పదిహేనో గడి వచ్చింది. ఆ సాయంత్రమే ఉత్తరమూ వచ్చింది. మీరు రాసిన భాగంపై హక్కు మీది కనుక. కింద రెండు మాటలు: అంగీకరిస్తున్నాను, అంగీకరించను.

భర్త పక్కన కూర్చుని, నాకొచ్చినదానికంటే పొడుగ్గా ఉంది అన్నాడు కొంచెం చిన్నబుచ్చుకుని.

వెంటనే జవాబు రాయలేదామె. అసూయ సెగ ఉండగా ఇచ్చిన జవాబును తానే నమ్మలేదు. తొమ్మిది రోజులు ఆగింది. సెగ తగ్గింది; పేజీ తెరిచే అలవాటు పోయింది; భర్త గొళ్ళెం పెట్టే తీరు మళ్ళీ మామూలుగా కనబడసాగింది. అప్పుడు తనను తాను అడిగింది. ఈ ఉత్తరం అందరికంటే ముందు, మర్యాదగా, తనకే వచ్చి ఉంటే ఏమనేది? పన్నెండేళ్ళ కిందటి ఆదివారం వేలుపెట్టిన చోటినుంచి ఆ వేలు తీయడానికి కారణమేదీ దొరకలేదు. అసూయ పోయాక మిగిలిన జవాబు కూడా అదే.

అంగీకరించను, అని రాసింది. దీన్ని మార్చి ఇతరులకిచ్చేవారు లోపలేముందో చూపాలన్న షరతు మీదనే నేనిది రాశాను. ఆ షరతు తీసేయడానికి ఒప్పుకోను. మిగతా వారి నిర్ణయంతో నాకు తగాదా లేదు.

ఎరగని మనుషులంతా ఆ పేజీ కింద ఆమెను తిట్టిపోశారు. ఒకామె అసూయకు ఇంతమంది శ్రమ బలి అన్నారు. పెద్ద పరికరాల సంస్థలు మూడు ఈ మార్పు కోసమే కాచుకుని ఉన్నాయి, ఇలాగైతే ఈ భాష పుట్టిన ఇంట్లోనే చస్తుందని చెల్లెలు ఫోనులో గొంతు పెంచింది. ఆ మాటలో నిజముంది. మీటరమ్మ కాదనలేదు.

"నా మీద కక్షేనా ఇది?"

"కక్ష అయితే నువ్వు ఆ సవరణ రాసిన బుధవారమే తీరిపోయిందే."

ఒప్పుకోనివారి రాతను తీసేసి కొత్తగా రాయించుకోవడం ఒక్కటే దారి. దానికొక నియమముంది. పాత రాతను ఒక్కసారైనా చూసినవారు కొత్తది రాయకూడదు. చూసినవారి చెయ్యి తెలియకుండానే దాన్ని దించుతుంది. కొత్తగా రాసేవారికి ఆ భాగం ఏం చేయాలో వివరంగా చెప్పాలి తప్ప, పాతది ఎలా చేసిందో చూపకూడదు. ఆ వివరం రాయగలిగినవారు లోకంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరిని అడగడానికి చెల్లెలికి నోరు రావడంలేదు. అడగకుండానే మీటరమ్మ రాసి పంపింది. ముప్పై పేజీలు. తప్పులను ఎలా పట్టాలన్న ఆలోచన తన సొత్తు కాదు, ఎవరి సొత్తూ కాదు. తన వాక్యాలు మాత్రమే తనవి. ఎంత కోపమున్నా ఈ గీత చెరపదలుచుకోలేదు. పైగా తన భాగం స్థానంలో వచ్చేది తప్పుడు తప్పులు పట్టడాన్ని ఆమె భరించలేదు.

దూరదేశంలో ఎవరో యువకుడు ఆరు వారాల్లో కొత్తది రాశాడు. దాన్ని పరీక్షించమని ఎవరూ అడగలేదు. మీటరమ్మ మధ్యాహ్న భోజన విరామాలన్నీ దాని మీదే గడిపింది. కొద్దిపాటి భారం, మధ్యరకం, పూర్తి భారం. లొసుగు దొరుకుతుందని గట్టిగా ఆశించింది. నాలుగు రోజులయినా దొరకలేదు. అయిదో రోజు దొరికినది అంతకంటే ఘోరం: ఒకచోట, రాసేవాడు మూయడం మరిచిన కుండలీకరణాన్ని పట్టే చోట, ఆ యువకుడిది తనదానికంటే బాగుంది. తనది తప్పును చూపి ఊరుకుంటుంది. అతనిది ఆ తప్పు మొదలైన చోటిదాకా వేలుపట్టి తీసుకువెళ్తుంది.

అసూయ మళ్ళీ వచ్చింది. ఈసారి అది చెల్లెలి మీద కాదు.

పాత లైసెన్సు కింద ఉన్న ఆమె రాత ఎక్కడికీ పోలేదు. ఓ పాతికమంది ఇంకా దాన్నే వాడుతున్నారు. ఆ యువకుడి పంక్తులను ఎత్తి అందులో పెట్టుకునే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. కొత్త లైసెన్సు పేరొక్కటి ఉంచి ఎవరినైనా తీసుకోమంటోంది. సీళ్ళాయన భోజనం ముగించి, మీరింకా తినలేదేమమ్మా అని అడిగేసరికి ఆమె అన్నం డబ్బా పక్కకు జరిపి ఒక కాగితం ముందు వేసుకుని ఉంది.

అతనిది తీసుకోలేదు. దానికంటే బాగా రాయడం మొదలుపెట్టింది.